నాలుగు బండలు

ఆమె పుట్టిల్లు వికారాబాద్. అనంతగిరి గుట్టల కింద పెరిగింది. వాన వెలిసిన మర్నాడు కూడా ఆ అడవిలో రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతుండేవి. ఆ గుట్టల్లో పుట్టిన మూసీయే హైదరాబాద్ మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని బడిలో చెప్పినప్పుడు ఎంత గర్వపడిందో!

పెళ్లయి తాండూరు వచ్చింది. అత్తారింట్లో ముందు వాకిలీ, వెనక దొడ్డీ అన్నీ నాపరాళ్లే. మామగారు ఆ గనుల్లోనే పనిచేసిన మనిషి. ఒక్కో బండా ఏరి తెచ్చి పరిపించుకున్నారు. చీపురు పెడితే చాలు అద్దంలా మెరిసే ఆ నేలంటే ఆయనకు ప్రాణం.

ఓ వేసవిలో బోరు ఎండిపోయింది. కాగ్నా నది ఒడ్డునున్న ఊరే అయినా, కుళాయి నీళ్లు వంటకూ స్నానాలకే సరిపోయేవి. దొడ్డిలో, పోయిన అత్తగారు నాటిన మల్లెపాదు వాడిపోసాగింది. మామగారు దాన్ని చూస్తూ ఏమీ మాట్లాడేవారు కాదు. ఆమె బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి సాయంత్రం పూట పాదుకు పోసేది. తేమ ఆరకుండా మొదట్లో ఎండుటాకులు కప్పింది. మల్లె ఎలాగో బతికింది. మరి బోరు సంగతి?

జూన్‌లో వాన మొదలైంది. చదరపు మీటరు చోట మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఆ లెక్కన వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే వెయ్యి లీటర్లు! అన్ని నీళ్లూ నున్నటి బండల మీదుగా జారి మోరీలో కలిసిపోతున్నాయి.

"మామయ్యా, దొడ్లో నాలుగు బండలు లేపి ఇంకుడు గుంత తవ్విద్దామా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "ఇష్టపడి పరిపించిన బండలు బిడ్డా... లేపితే దొడ్డి బోసిపోతది."

ఆమె మళ్లీ అడగలేదు.

రెండు రోజులకు మళ్లీ పెద్ద వాన. మోరీలోకి ఉరుకుతున్న నీళ్లనూ, మల్లెపాదునూ ఆయన చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. వాన వెలిశాక లేచి, తనే గునపం తెచ్చారు.

గోడలకూ, సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా, నాలుగడుగుల లోతు గుంత తవ్వించారు. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక. డాబా గొట్టాన్ని అటు తిప్పారు. సబ్బునీళ్లు మాత్రం అందులోకి రానివ్వలేదు.

ఒక్క గుంతతో ఆ ఏడాదే బోరు నిండిపోలేదు. వీధిలో ఇంటికొకటి ఉంటే కదా నేల తడిసేది! కానీ ఆ వానాకాలం వాళ్ల డాబా నీళ్లు మోరీ పాలు కాలేదు. లేపిన నాలుగు బండలూ గుంత పక్కనే చిన్న అరుగయ్యాయి.

ఇప్పుడు చినుకు పడితే చాలు, గొడుగేసుకుని ఆ అరుగు మీదే కూర్చుంటారాయన. కాసేపటికి వంటింట్లోకి కేక వినిపిస్తుంది:

"ఇంకుతున్నయ్ బిడ్డా... ఇంకుతున్నయ్!"