ప్రాణహితకు ఆవలి చుట్టము

సిరొంచ పట్టణము ప్రాణహిత తూర్పు గట్టున నున్నది. కొంచెము దిగువనే ఆ నది గోదావరిలో కలియుచున్నది. ఆ సంగమపు దక్షిణ తీరమున కాళేశ్వర క్షేత్రము. 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచయే ముఖ్యస్థానము. 1874లో ఆ జిల్లా రద్దు కాగా ఈ ప్రాంతము చాందా జిల్లాలో చేరినది. 1960లో మహారాష్ట్రము, 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినవి. ఏలికల లెక్కలు ఎన్నిమారులు మారినను మన యిండ్లలో తెలుగు మారలేదు. బడిలో మరాఠీ చదువుకొని, ఉయ్యాల యొద్ద తెలుగు పాడుకొను కుటుంబములు మనవి. ఇరుగుపొరుగున గోండులు, మాడియాలు. కావున పరాయి జాతిని ప్రేమించుట యనగా నేమి యను ప్రశ్న మనకు పుస్తకములలోని ప్రశ్న కాదు. ప్రతి సంతనాడును ఎదురగు ప్రశ్న.

మాయా జాతివారి పేరు మనలో చాలమంది విన్నదే. 1839లో జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అను అమెరికా యాత్రికుడును, ఫ్రెడరిక్ కేథర్‌వుడ్ అను ఆంగ్ల చిత్రకారుడును మధ్య అమెరికా అడవులకు బయలుదేరి, అచటి శిథిల నగరములను చూచి లోకమునకు తెలియజేసిరి. నాటినుండి యాత్రికులు ఆ రాతిమెట్లను చూచి మురియుచునే యున్నారు. వానిని కట్టినవారి సంతతి మాత్రము మెక్సికో, గ్వాటెమాలా పల్లెలలో లక్షల సంఖ్యలో నేటికిని తమ భాషలనే పలుకుచు, మొక్కజొన్న రొట్టెలు కాల్చుకొనుచు, రంగుల బట్టలు నేయుచు బ్రతుకుచున్నారు. రాతిని ప్రేమించుట సులభము. రొట్టె కాల్చు చేతిని ప్రేమింపవలె ననిన ఆ యింటి ముంగిట కొన్నాళ్లు కూర్చుండవలెను.

మన చెంతను ఇట్టిదే కలదు. చంద్రపురము కోటను, బల్లార్షా కోటను చూచి గోండు రాజుల వైభవమును పొగడనివారు లేరు. ఆ గోండుల ముంగిట కూర్చుండుటకు మాత్రము వియన్నా నగరమునుండి ఒకడు రావలసి వచ్చినది.

ఆయన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో జన్మించెను. 1939లో యుద్ధము మొదలగునప్పటికి మన దేశమున నుండుటచే, శత్రుదేశ పౌరుడని యెంచి ప్రభుత్వము ఆయనను హైదరాబాదు సంస్థానమునకు పరిమితము చేసినది. ఆ నిర్బంధమునే ఆయన విద్యగా మార్చుకొనెను. చెంచుల నడుమను, కొండరెడ్ల నడుమను తిరిగెను. 1940లో కొమరం భీము జోడేఘాట్ కొండలలో నేలకొరిగిన తరువాత, గోండుల అసంతృప్తికి కారణము లేమో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము ఆయననే నియోగించినది. ప్రాణహితకు పడమటనున్న కొండలలో మార్లవాయి యను గూడెమున, భార్య ఎలిజబెత్‌తో కూడ పూరింట కాపురముండి, గోండీ నేర్చి, వారి పండుగలను, పంటలను, పెండ్లిండ్లను, తగవులను వ్రాసికొనెను. 1943లో ఆ గూడెముననే గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు వచ్చినవి. దున్నుకొను భూములకు పట్టాలు లభించుటకు ఆయన నివేదికలు తోడ్పడినవి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొరలు వినెడి దర్బారు సైతము ఆ కాలపు ఏర్పాటే.

మూడు దశాబ్దముల పిమ్మట ఆయన మరల వచ్చి చూచినప్పుడు, ఆ పట్టా భూములలో పెక్కు వలసవచ్చినవారి చేతులలో నుండెను. ఆ సంగతిని దాచక 1982లో గ్రంథముగా ప్రకటించెను. ప్రేమ యనగా పండుగనాటి నెమలియీకల టోపీని మెచ్చుట మాత్రమే కాదని ఆ గ్రంథము మనకు తెలుపుచున్నది.

మేము మార్లవాయికి పోయినప్పుడు ఆ దంపతుల సమాధులను చూచితిమి. 1987లో హైదరాబాదున ఎలిజబెత్ కన్నుమూయగా ఆమెను అచటనే సమాధి చేసిరి. 1995లో లండనులో మరణించిన ఆయన అస్థికలను 2012లో ఆమె ప్రక్కనే చేర్చిరి. గుస్సాడి నృత్యమునకు 2021లో పద్మశ్రీ నందిన కనకరాజుది సైతము ఆ గూడెమే. 2024లో ఆయనయు గతించెను.

ప్రాణహితకు ఈవల, మన జిల్లాలోనే, ఇట్టి వారు లేకపోలేదు. బాబా ఆమ్టే 1973లో భామ్రాగఢ్ అడవిలోని హేమల్కసలో లోక్ బిరాదరీ ప్రకల్పమును నెలకొల్పగా, డాక్టరు ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ దంపతులు మాడియా భాష నేర్చి వైద్యము చేసిరి. రోగి చెప్పు బాధ అర్థము కానిదే మందు ఎట్లు ఇత్తురు? 2008లో వారికి మెగసెసే పురస్కారము లభించినది.

వియన్నావానికి గోండీ పరాయి భాష. మనకు అది తోబుట్టువు. గోండులు నీటిని ‘యేర్’ అందురు. మన ‘ఏరు’ ఎక్కడిది? వారు ‘రండ్, మూండ్, నాలుంగ్’ అని లెక్కింతురు. చెట్టు వారికి ‘మరా’, మనకు ‘మ్రాను’. రెండును ద్రావిడ కుటుంబమున ఒక్క శాఖకు చెందినవని భాషావేత్తలు నిర్ణయించిరి.

సంతకు ఇప్పపువ్వు, తేనె, చింతపండు తెచ్చు గోండు స్త్రీ మనతో తెలుగున మాటలాడును, కచేరీలో మరాఠీ మాటలాడును, ఇంటికి పోయి తన భాష మాటలాడును. నేర్చుకొను భారమంతయు ఎల్లప్పుడును ఆమెదే. మరాఠీ నాట తెలుగు నిలుపుకొనుటకు ఎంత ఓపిక కావలెనో తెలిసిన మనకు ఆమె కష్టము తెలియకపోదు. మన పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుడని ప్రభుత్వమును అడుగు నోటితోనే, ఆమె పిల్లలకు గోండీ చదువు కావలెనని సైతము అడుగుట న్యాయము. అటుపై ఆమె తూచి యిచ్చిన తేనెకు డబ్బు చెల్లించునప్పుడు ‘రండ్, మూండ్’ అని ఆమె లెక్కలోనే లెక్కింపగలిగినచో, అందులకు సముద్రములు దాటనక్కరలేదు.