గాజు సముద్రంలో శత్రుమిత్రులు

సముద్రం అనంతమని పెద్దలు అంటారు. ఆ అనంతాన్ని నాలుగు గాజుపలకల నడుమ నిలిపి ఇంటిలో పెట్టుకోవాలన్న కోరిక మాత్రం మానవునిది. మంచినీటి తొట్టిలో చేపలను పెంచుట మనకు కొత్త కాదు. ఉప్పునీటిలో ప్రాణమున్న పగడాలను పెంచుట వేరొక విద్య. అక్కడ నీటిలోని లవణం వెయ్యింటికి 35 పాళ్ల దరిదాపులలో ఉండాలి. వేడి 25, 26 డిగ్రీల వద్ద నిలకడగా ఉండాలి. వెలుగు, నీటి కదలిక లెక్క ప్రకారం అందాలి. ఇంత జాగ్రత్త పడిన చోటికి కూడా పిలవని అతిథులు వస్తారు. వారిని సాగనంపే మార్గాలను గురించియే ఈ వ్యాసం.

మేము తెలుగు బోధించేవారమే గాని జంతుశాస్త్రజ్ఞులం కాము. అయినా ఈ విషయాన్ని కళ్లారా చూసే అవకాశం మాకు కలిగింది. మా పెదనాన్నగారి కుమారులు, మేము భాయీజాన్ అని పిలుచుకునేవారు, ఎర్రసముద్రపు ఒడ్డున గల జిద్దా నగరంలో ఉద్యోగం చేస్తున్నారు. వారి ఇంట 5 సంవత్సరాలుగా పెరుగుతున్న పగడాల తొట్టి ఒకటి ఉంది. ఒక వేసవి సెలవులలో మేము వారి ఇంట ఉన్నప్పుడు ఆ తొట్టిలోని ఇసుక మీద తుప్పు రంగు మచ్చలు కనిపించాయి. తేరిపార చూస్తే ఆ మచ్చలు కదులుతున్నాయి!

అవి బల్లపరుపు పురుగులు. ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లకు మించదు. తోక మూడు పాయలుగా చీలి ఉంటుంది. 1988లో శాస్త్రజ్ఞులు వీటిలో ఒక జాతికి కన్వాల్యుట్రిలోబా రెట్రోజెమ్మా అని పేరు పెట్టారు. శరీర నిర్మాణాన్ని, జన్యువులను పరిశీలించిన మీదట వీటిని నేడు అసలైన బల్లపరుపు పురుగుల వర్గం నుండి వేరు చేశారు గాని, తొట్టి పెంపకందార్ల నోట పాత పేరే నిలిచింది. వీటి దేహంలో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. అవి వెలుగు సాయంతో ఆహారం తయారుచేసి పురుగుకు పెడతాయి. కనుకనే ఈ పురుగులు వెలుగు బాగా పడి, నీరు మందంగా కదిలే తావులను ఎంచుకుంటాయి. జత అవసరం లేకుండానే తల్లి దేహం నుండి మొగ్గవలె పిల్ల విడివడుతుంది. అందువల్ల కొద్దికాలంలోనే వందలు వేలవుతాయి. అవి పగడాన్ని కొరికి తినకపోయినా దాని మీద దుప్పటివలె పరచుకొని వెలుగును అడ్డగిస్తాయి.

పురుగుల మందు వేస్తే ఒక్క పూటలో పని ముగియదా అని మేము అడిగాము. భాయీజాన్ నవ్వి, “తమ్ముడూ, చంపడం సులభమే. చచ్చినవాటితో వచ్చే చిక్కే పెద్దది” అన్నారు. ఈ పురుగుల దేహంలో విషం ఉంది. వేలకు వేలు ఒక్కసారిగా చస్తే ఆ విషమంతా నీటిలో కలిసి చేపలు సైతం ప్రాణాలు విడిచే ప్రమాదం ఉంది. తప్పనిసరై మందు వాడేవారు కూడా ముందుగా పురుగులను వీలైనంత తీసివేసి, తరువాత నీటిని మార్చి, విషాన్ని పీల్చే బొగ్గును వాడుతారు.

ఆయన ఎన్నుకున్నది నిదానమైన మార్గం. సన్నని గొట్టంతో పురుగులను నీటితోపాటు పీల్చి బకెట్‌లోకి వదలడం మొదటి పని. రెండు రోజులకు ఒకసారి చొప్పున ఆ పని సాగింది. గొట్టం పట్టే భారం మా మీద కూడా పడింది. చేపలకు వేసే మేత తగ్గించారు. నీటి కదలికను పెంచారు. అప్పుడు ప్రకృతి నుండి సాయం కోరారు.

ఆ సాయానికి వచ్చినది సిక్స్‌లైన్ రాస్ అను చిన్న చేప. దేహం మీద ఆరు చారలు ఉండుటచేత దానికి ఆ పేరు. ఎర్రసముద్రం నుండి పసిఫిక్ దీవుల వరకు పగడపు దిబ్బలలో నివసిస్తుంది. రాళ్ల సందులను నిరంతరం గాలిస్తూ పురుగులను ఏరుకు తింటుంది. కాని ప్రతి చేపకూ ఈ ఎర్ర పురుగు రుచించదు. పైగా అది పోట్లాడే స్వభావం గలది. కొత్తగా వచ్చిన సాధుచేపలను తరిమి బాధిస్తుంది. మాండరిన్ చేపలలో కొన్ని కూడా ఈ పురుగులను తింటాయి గాని, వాటి ముఖ్యాహారమైన సూక్ష్మజీవులు చిన్న తొట్టిలో త్వరగా తరిగిపోయి అవి పస్తులుంటాయి.

అన్నిటికంటె నమ్మకమైన మిత్రుడు చెలిడొనూరా వేరియన్స్ అను సముద్రపు నత్త. పైకి గుల్ల కనబడదు. నల్లని మఖమలు వంటి దేహం, దాని అంచున మెరిసే నీలి గీతలు, వెనుక రెండు తోకలు. నోటి దగ్గరి సున్నితమైన వెంట్రుకలతో తడుముకుంటూ పోయి పురుగును మింగుతుంది. దాని భోజనం ఈ జాతి పురుగులే. నీటి పంపు లాగివేయకుండా భాయీజాన్ పంపు నోటికి వల కట్టి దానిని వదిలారు. కొద్ది వారాలలో ఇసుక తిరిగి తెల్లబడింది.

చిక్కు అక్కడే మొదలయింది. శత్రువు నశించిన ఇంట మిత్రునికి అన్నం లేదు. పురుగులు తప్ప వేరొకటి తినని ఆ ప్రాణి ఆకలితో చచ్చుట నిశ్చయం. మా దక్షిణదేశంలో 1926లో శ్రీలంక నుండి తెచ్చిన కొచినీల్ పురుగు నాగజెముడు పొదలను అణచినప్పుడు కూడా, జెముడు తరిగేకొద్దీ ఆ పురుగూ తరిగింది. పొలాల విశాలంలో ఆ ఆకలిని ఎవరూ చూడలేదు. గాజుపెట్టెలో అది కంటికి కనబడుతుంది. భాయీజాన్ ముందే ఆలోచించి, అదే బాధ పడుతున్న మరొక పెంపకందారుని వెదకి ఉంచారు. కడపటి పురుగులు ఉండగానే నత్తను ఆ ఇంటికి చేర్చారు.

ప్రకృతి చికిత్స అనగా ఖర్చు లేని చికిత్స అని మనలో పలువురి భావన. మేము చూసినంతలో దాని ఖర్చు ఓర్పు, బాధ్యత. మందుసీసా పని ముగిసిన తరువాత మూలన పడి ఉంటుంది. సాయానికి పిలిచిన ప్రాణి అలా పడి ఉండదు. దానికి రేపు కూడా ఆకలి వేస్తుంది. విద్యార్థులు రేపు ఏ పొలంలో, ఏ చెరువులో, ఏ ప్రయోగశాలలో ఒక జీవిని మరొక జీవి మీదికి పంపవలసి వచ్చినా, పని తీరిన మరునాడు దాని గతి ఏమని ముందుగా ప్రశ్నించుకోవాలని మా కోరిక.