పలుకుబడి

రాజపాళయం చెంతనున్న తళవాయిపురం మాది. ఊరి పేరులోనే హోదా ఉన్నది. తళవాయి అంటే మన దళవాయియే. మధుర నాయకుల కొలువులో సేనలను నడిపిన పెద్ద అధికారి. ఆ కొలువూ లేదు, ఆ పదవీ లేదు. పేరు మాత్రము బస్సు బోర్డు మీద మిగిలినది.

ఆఫీసులో చిత్తులు వ్రాసి వ్రాసి మాకు ఇంగ్లీషు హోదామాటలు బాగా అలవడినవి. పవర్ చట్టమిస్తుంది, అథారిటీ పైవారి సంతకముతో వస్తుంది. ప్రెస్టీజ్ అంటే పూర్వము కనికట్టు అని నిఘంటువులో చూచి నవ్వుకొన్నాము.

మొన్న మా అబ్బాయి, "నాన్నా, ఇన్‌ఫ్లుయెన్స్‌ను తెలుగులో ఏమంటారు?" అన్నాడు. అరవములోని సెల్వాక్కు వెంటనే తట్టింది, తెలుగు తట్టలేదు. ఇంట మాట్లాడేది తెలుగే కదా, సిగ్గు వేసింది. వంటింటిలోనుండి మా అమ్మ, "పలుకుబడిరా" అన్నది.

అమ్మ అంతటితో ఊరుకోలేదు. మా రాజపాళయం కుమారస్వామి రాజావారు 1949లో మద్రాసు ప్రీమియరైనారు. 1950లో రాజ్యాంగము రాగానే ఆ పదవికి ముఖ్యమంత్రి అని పేరు మారినది. 1952 ఎన్నికలలో ఓడినారు. తమ ఇల్లు గాంధీ కలామన్రమునకు ఇచ్చివేసినారు. అమ్మ పదవుల లెక్క చెప్పదు, ఇల్లిచ్చినాయన అంటుంది.

పలుకుబడి అంటే మాటతీరు కూడా. అబ్బాయికి తెలుగు వ్రాత రాదు, అరవలిపిలో వ్రాసుకొన్నాడు. అందులో పకూ బకూ ఒకటే అక్షరము. మర్నాడు చదివితే "పలుకుపడి" అయినది.