మదర్‌బోర్డుకూ ఒక వాస్తు

ఇల్లు కట్టేటప్పుడు వంటిల్లు ఏ మూల, బావి ఏ మూల అని వాదించుకోని సంసారం మన వైపు ఉండదు. కాని కంప్యూటరు పెట్టెలో ఏ తీగె ఏ పక్కన తగిలించాలన్న దాని మీద మూడు రోజులు వాదించుకున్న సంసారం మాదొక్కటేనేమో! నవ్వకండి. అందులో మా చెల్లెలు చీటీ పాడి తెచ్చిన డబ్బుంది. మేనల్లుడి బతుకుతెరువూ ఉంది.

మా చెల్లెలి ఇల్లు నెల్లూరికి తూర్పున, మైపాడు దారిలో, రాత్రిపూట సముద్రపు హోరు వినిపించేటంత దూరంలో ఉన్నది. మేనల్లుడు పెళ్లి ఆల్బములు తయారుచేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ల ఫోటోగ్రాఫర్లు ఫోటోలు తెచ్చి ఇస్తే, వాటిని దిద్ది, పేజీలుగా కూర్చి ఇస్తాడు. మాఘం, వైశాఖం వచ్చాయంటే వాడికి అన్నం తినే తీరిక ఉండదు.

వాడి పాత కంప్యూటరు ఒక పెద్ద కంపెనీవారి రెడీమేడ్ పెట్టె. సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో అందులో ఎస్సెంపీయెస్ పోయింది. అంటే ఇంటి కరెంటును బోర్డుకు పనికొచ్చేలా మార్చి ఇచ్చే డబ్బా అన్నమాట. నెల్లూరులో ఏ కొట్లో అడిగినా ఆ డబ్బా దొరుకుతుంది. కాని ఆ బోర్డు మీద అందరికీ ఉండే 24 పిన్నుల సాకెట్టు లేదు. ఆ కంపెనీవారు తమకని వేరే చిన్న సాకెట్టు పెట్టుకున్నారు. కొట్లో సరుకు దానికి పట్టదు. ఆ కంపెనీ డబ్బా వచ్చేదాకా వాడు ఇద్దరు పెళ్లివాళ్ల చేత మాటలు పడ్డాడు. అంచేత ఈసారి భాగాలు విడివిడిగా కొని సొంతంగా బిగించుకోవాలని తీర్మానమైంది.

అక్కడ పుట్టింది వాదన. "మామా, ఈ బోర్డు చూడు. ప్లగ్గులన్నీ వెనకే. ముందువైపు ఒక్క తీగె కనబడదు" అని ఫోనులో బొమ్మ చూపించాడు.

మామూలు బోర్డు మీద సాకెట్లన్నీ ముందువైపే ఉంటాయి. కరెంటు ప్లగ్గు ఒక అంచున, ప్రాసెసరుకు వేరే ప్లగ్గు పైమూల, పెట్టె బయట మీటకూ దీపాలకూ వెళ్లే సన్నపిన్నులు కింద మూల. తీగెలన్నీ వాటి చుట్టూ జడల్లా వేళ్లాడుతుంటాయి. ఈ కొత్త రకంలో సాకెట్లను బోర్డు వీపున అమరుస్తారు. పెట్టెలోని రేకుకు అక్కడక్కడ కిటికీలు కోస్తారు. తీగెలు వెనకనుంచి వచ్చి తగులుకుంటాయి. 2022లో గిగాబైట్ వారు మెయిన్‌గియర్ వారితో కలిసి ఇలాంటిది చేశారు. 2023లో ఆసూస్ వారు బీటీఎఫ్ అనీ, ఎమ్మెస్సై వారు ప్రాజెక్ట్ జీరో అనీ తమ తమ బోర్డులు తెచ్చారు.

"అందం ఒక్కటే కాదు మామా, గాలికి అడ్డు ఉండదు. దుమ్ము తుడిచేటప్పుడు గుడ్డ తీగెలకు చిక్కుకోదు" అన్నాడు మేనల్లుడు. అబద్ధం కాదు.

నెల్లూరునుంచి వచ్చిన మెకానిక్కు మాత్రం పెదవి విరిచాడు. "తమ్ముడూ, ఈ బోర్డు మామూలు క్యాబినెట్టులో కూర్చోదు. రేపు మాఘంలో ఇది పోయిందనుకో, ఇదే రకం నేనెక్కణ్ణుంచి తెచ్చేది? మామూలుదయితే పొద్దున చెప్తే సాయంత్రానికి బిగించి పోతా."

పైగా మాది సముద్రతీరం. కృష్ణపట్నం మొదలుకొని కావలి దాకా ఉప్పుగాలి సంగతి అందరికీ తెలిసిందే; ఇనప గేటు పొరలు పొరలుగా రాలిపోతుంది. ప్లగ్గుల పిన్నులకు తగరం పూతో బంగారం పూతో ఉంటుంది గాని, గాలిలోని ఉప్పు తేమను పీల్చుకుని లోహం మీద పొరలా పేరుకుంటుంది. పూత అరిగినచోట చిలుము పడుతుంది. కరెంటు పారడం కష్టమై అక్కడ వేడి పుడుతుంది. చాలాసార్లు ప్లగ్గు ఊడదీసి మళ్లీ గుచ్చితే ఆ రాపిడికే పొర పోయి మిషను లేచి కూర్చుంటుంది. కాబట్టి మా ఊళ్లో సాకెట్టుకు చెయ్యి సులువుగా అందాలి.

ఇంతవరకు వింటే మెకానిక్కుదే న్యాయమనిపిస్తుంది. కాని అలవాటైనదల్లా మంచిదనే మాట నేనొప్పుకోను. నేను గుమాస్తాగా పనిచేసిన ఆఫీసులో పాత ఏటీ రకం కంప్యూటర్లుండేవి. వాటి బోర్డుకు కరెంటు రెండు ప్లగ్గులతో వెళ్లేది. రెండూ ఒకే ఆకారం, ఒక్కొక్కదానికి ఆరేసి తీగెలు. అటుదిటు పెడితే బోర్డు కాలిపోయే ప్రమాదం. "నలుపు పక్కన నలుపు" అని మంత్రంలా జపిస్తూ నల్లతీగెలు మధ్యకు వచ్చేలా గుచ్చేవాడు అప్పటి మెకానిక్కు. నిడుపాటి కార్డు పెట్టబోతే ప్రాసెసరు అడ్డొచ్చేది.

1995లో ఇంటెల్ వారు ఏటీఎక్స్ అనే కొత్త అమరిక ప్రకటించారు. బోర్డు 305 మిల్లీమీటర్లు, 244 మిల్లీమీటర్లు. రెండు ప్లగ్గుల స్థానంలో 20 పిన్నుల ప్లగ్గు ఒకటే, తిరగేసి పెడదామన్నా పట్టదు. తరవాత అదే 24 పిన్నులయింది. ప్రాసెసరును కార్డుల దారినుంచి తప్పించారు. ఆ రోజున అది కూడా వింత వాస్తే! కాని మనిషి చెయ్యి పొరపాటు పడకుండా కాపాడింది. పైగా కొలతలు అందరికీ తెలిసేటట్టు అచ్చువేశారు గనుక ఎవరి పెట్టెలో ఎవరి బోర్డయినా కూర్చుంది. నెల్లూరు కొట్టువాడు ధైర్యంగా సరుకు తెచ్చి పెట్టుకున్నాడు.

అదే ఇంటెల్ వారు 2004లో బీటీఎక్స్ అని మరొకటి తెచ్చారు. ప్రాసెసరు ముందువైపు, చల్లగాలి తిన్నగా దాని మీదుగా పోయేటట్టు. ఆలోచన మంచిదే. కాని తరవాత వచ్చిన ప్రాసెసర్లు అంత వేడెక్కలేదు, తక్కిన తయారీదార్లు పెద్దగా తోడు రాలేదు. 2006లో వారే దాన్ని విరమించుకున్నారు. దాన్ని నమ్మి కొన్నవారికి ఆ తరవాత పెట్టె ఒకచోట, బోర్డు ఒకచోట వెతుక్కోవలసి వచ్చింది.

అంటే కొత్త అమరిక తెలివైనదా కాదా అన్నది సగం ప్రశ్నే. నలుగురూ దాన్ని తమదిగా చేసుకున్నారా అన్నది తక్కిన సగం. ఒంటరి తెలివి ఖర్చంతా కొన్నవాడి నెత్తినే పడుతుంది.

మూడో రోజున మా చెల్లెలు వంటింట్లోంచి వచ్చి, "ఏందన్నా మీ గోల? పెళ్లివాళ్లు ఆల్బం ఎప్పుడిస్తావని అడుగుతారు గాని, తీగెలు ముందున్నాయా వెనకున్నాయా అని అడుగుతారా?" అన్నది. మేనల్లుడు తల వంచుకున్నాడు. కాని వాడి ముఖంలో దిగులు చూసి దానికే జాలి వేసింది. "పోనీ, వాడి ముచ్చట తీరే ఉపాయం లేదా?" అని మెకానిక్కునడిగింది.

ఉన్నది. రేకుకు కిటికీలు కోసిన పెట్టె ఒకటి చూపించాడతను. అందులో మామూలు బోర్డూ పడుతుంది, వెనక సాకెట్ల బోర్డూ పడుతుంది. పెట్టె అదీ, బోర్డు మామూలుదీ తీసుకున్నాం. నాలుగు కొట్లలో కొత్త రకం దొరికే రోజు వస్తే బోర్డొక్కటి మార్చుకోవచ్చు. మేనల్లుడు ఓపిగ్గా తీగెలన్నీ రేకు వెనక్కి దూర్చి, సాకెట్ల దగ్గర మాత్రమే పైకి తీశాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

మీ ఇంట్లో కుర్రవాడు కూడా ఇలాంటిదేదో కావాలని పేచీ పెడితే కసురుకోకండి. రెండు మాటలడగండి. ఇది చెడితే మన ఊళ్లో ఎవడు బాగుచేస్తాడు? దీనికి సరిపడే పెట్టె, బోర్డు ఇంకొక కంపెనీది దొరుకుతుందా? వాడు తడుముకోకుండా జవాబు చెబితే, డబ్బులిచ్చి పంపండి.