నాలుగున్నర గంటలు, మా గూడెం దారి

పోస్టు కొంచెం పెద్దగైంది, ఓపికతోని చదవండి.

మేము ఇద్దరన్నదమ్ములం బెల్లంపల్లిలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. గూడెం తిర్యాణి గుట్టల దిక్కు. పోయినేడు పత్తి ఏరే రోజులల్ల మా పెద్దబాపుకు పక్షవాతం వచ్చింది. పొద్దున ఆరింటికి ఎడ్లకు నీళ్లు పెడుతుంటే చేతిల బకెట్ జారిపడ్డది. మూతి ఓ పక్కకు వంగింది, మాట ముద్దగా వచ్చింది.

ఇంట్లోళ్లు గాలి సోకిందనుకున్నరు. పసరు పూసి పండబెట్టిండ్రు. వాళ్లను తప్పు పట్టడానికి మాకు నోరు రాదు. ఎందుకంటే బాపు సిగ్నల్ కోసం గుట్టెక్కి మాకు ఫోన్ చేస్తే, "చలికి అట్లయింది, వేడినీళ్లు తాపండి" అన్నది మేమే. డిగ్రీ చదివేటోళ్లం!

పదింటికి 108కు చేసిండ్రు. బండి వాగు అవతలే ఆగింది. మంచం మీద మోసుకపోయిండ్రు. మొదటి దవాఖానల బీపీ చూసి, సెలైన్ పెట్టి, స్కాన్ లేదని ఇంకో దగ్గరికి రాసిండ్రు. స్కాన్ తీసేసరికి మధ్యాహ్నం మూడు.

అక్కడి డాక్టర్ సార్ మమ్మల్ని పక్కకు పిలిచి ఓపికగా చెప్పిండు. మెదడు రక్తనాళంల గడ్డ అడ్డం పడితే, దాన్ని కరిగించే ఇంజక్షన్ ఉంది. కానీ లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపే ఇయ్యాలె. స్కాన్ లేకుండ ఇయ్యరాదు, ఎందుకంటే కొందరికి నాళం పగిలి రక్తం కారుతది, వాళ్లకు అదే ఇంజక్షన్ ప్రాణం తీస్తది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆగొద్దు. అడ్డం పడ్డ ఒక్కో నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతయట. మావి తొమ్మిది గంటలు. లెక్కలు వచ్చినా ఆ లెక్క చెయ్యబుద్ధి కాలేదు.

అదే చలికాలం మా హాస్టల్ వెనక గల్లీల ఒక రిటైర్డ్ సింగరేణి తాతకు కూడా ఇదే వచ్చింది. కోడలు చూసింది, ఆటో ఎక్కించింది, రెండు గంటలల్ల స్కాన్, ఆ వెంటనే ఇంజక్షన్. నెలకు కట్టె పట్టుకొని చాయ్ హోటల్‌కు నడుచుకుంట వచ్చిండు. ఆయనను చూసి మాకు కడుపుమంట లేదు, బాయిల ఒళ్లు హూనం చేసుకున్న మనిషి. కానీ ఇద్దరి మెదడు ఒక్కటే, గడ్డ ఒక్కటే. తేడా ఇల్లు ఉన్న చోటుది.

ఇది మన గుట్టల ముచ్చటే అనుకున్నం. ఇంగ్లండులో 4 కోట్ల 40 లక్షల మంది పెద్దల వివరాలతో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. ధనవంతుల కంటే బాగా పేదోళ్లకు పక్షవాతం దాదాపు ఏడేళ్లు ముందే వస్తుందని, మంచి వైద్యం కూడా వాళ్లకే తక్కువ అందుతుందని అందులో తేలింది. రోడ్లన్నీ ఉన్న దేశం అది!

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటరు. ఉంది. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెంచిండ్రు కూడా. కార్డు వాగు దాటించదు కదా అన్నా.

పెద్దబాపు బతికిండు. కుడిచెయ్యి లేవది. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు రమ్మన్నరు, ఒక్కసారి పోవాలన్నా ఇద్దరి కూలి పోతది, మూడు వారాలకే బందైంది. ఆయన కొడుకు ఇంటర్ రెండో ఏడు మధ్యల వదిలి నాగలి పట్టిండు. మాకంటే బాగా చదివేటోడు వాడే. పెద్దబాపు ఎన్నో ఏండ్లు గుస్సాడీ ఆడిండు. ఈ దండారికి ఆ నెమలీకల టోపీ గోడకే ఉంది. డప్పు మోగుతుంటే ఆయన ఎడమకాలు ఒక్కటే కదిలింది.

పక్షవాతం తెచ్చేవాటిల బీపీదే పెద్ద పాత్ర. అందుకే హాస్టల్ దోస్తులం పైసలు జమచేసి బీపీ మిషన్ కొన్నం. దండారి సెలవుల్లో గూడెంల పద్నాలుగు మందిని చూసినం. ఐదుగురికి ఎక్కువుంది, అందులో మా బాపు ఒకరు. సర్కారు దవాఖానల గోలీలు ఊరికే ఇస్తరు. ఎవరి గూడేనికైనా మిషన్ కావాలంటే చెప్పండి, సెలవులకు తీసుకొస్తం. 108 బండి మీ గూడేనికి ఏ దారిల ఎక్కడిదాకా వస్తదో కూడా ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

బాపు రోజూ గోలీ వేసుకుంటున్నడు. నమ్మకం లేక అడుగుతమని తెలిసి, పొద్దున గుట్టెక్కి మరీ ఫోన్ చేసి "ఏసుకున్న బిడ్డా" అని చెప్పి దిగుతడు.