బోలు బుర్ర... లావు మెడ!

కరీంనగర్ బస్టాండులో సాయంత్రం పూట కాసేపు నిలబడితే, కాలేజీ పిల్లల గుంపులో ఒకరిద్దరి వీపున నల్లటి గిటార్ సంచి కనిపిస్తుంది. ఆ సంచి వీపు మీదకి ఎక్కడానికి ముందు ఇంట్లో ఎంత రాయబారం నడిచి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. 'బాపూ, గిటార్ గొనియ్యి' అని కొడుకు. 'ముందుగాల సదువు సంగతి చూడు' అని తండ్రి. మధ్యలో తల్లి. చివరికి ఎలాగో బేరం కుదిరాక అసలు చిక్కు మొదలవుతుంది... ఏది కొనాలి? మామూలుదా, ఎలక్ట్రిక్‌దా? ఎలక్ట్రిక్‌లో మళ్లీ గట్టి చెక్కదా, బోలుదా, సగం బోలుదా? మెడ సన్నగా ఉండాలా, లావుగా ఉండాలా?

ఇవన్నీ అమెరికా నుంచి దిగుమతైన సందేహాలని అనుకుంటాం. కానీ ఇదే కరీంనగర్ నుంచి ఉత్తరానికి బయల్దేరి, గోదావరి దాటి, టేకు అడవుల్లోకి వెళ్తే అక్కడ బోలు బుర్ర, లావు మెడ ఉన్న వాద్యాన్ని తరతరాలుగా నమ్ముకుని బతికిన మనుషులు ఉన్నారు. ఆ వాద్యం పేరు కిక్రి.

కిక్రి దగ్గరికి వెళ్లేముందు, గిటార్ చిక్కు కాస్త విప్పుకోవాలి.

మైకు ముందు ఊళ

తీగ ఒక్కటే మోగితే వినిపించేది చాలా తక్కువ. దానికో పొట్ట కావాలి. వీణకు కుండ, తంబురకు బుర్ర, గిటార్‌కు బోలు పెట్టె. 1930ల్లో అమెరికావాళ్లు ఆ బోలు గిటార్లకే కరెంటు తగిలించారు. శబ్దం పెరిగింది... దాంతోపాటు ఓ తలనొప్పీ పుట్టుకొచ్చింది. స్పీకరులోంచి వచ్చిన మోత తిరిగి గిటార్ పొట్టలో దూరి, చెక్కను ఊపి, తీగను ఊపి, మళ్లీ స్పీకరుకు చేరుతుంది. అలా గిరికీలు కొడుతూ ఒక్కసారిగా ఊళ! పెళ్లి పందిట్లో మైకు పట్టుకున్నాయన స్పీకరు ముందుకొస్తే చెవులు చిల్లులు పడేలా 'కుయ్‌'మంటుందే... అదే.

అందుకని కొందరు పొట్టే లేకుండా గట్టి చెక్కతో గిటార్లు చేశారు. ఊళ ఆగింది, కానీ ఆ గాలి పోసుకున్న మెత్తటి నాదమూ తగ్గింది. 1958లో అమెరికాలోని కలమజూ పట్టణంలో గిబ్సన్ కంపెనీ మధ్యేమార్గం పట్టింది. పెట్టె బోలుగానే ఉంచి, నడిమధ్యలో మాత్రం పొడవునా ఓ గట్టి మేపుల్ దుంగ బిగించింది. ఈఎస్-335 అని పేరు. అదే సగం బోలు గిటార్. బ్లూస్ సంగీతంలో మహారాజు బి.బి.కింగ్ తన గిటార్‌ను 'లూసిల్' అని ముద్దుగా పిలుచుకునేవారు. ఊళ ఆపడానికి దాని చెక్కకున్న రంధ్రాల్లో గుడ్డలు కుక్కేవారట. తర్వాత 1980లో గిబ్సన్ కంపెనీ ఆయన పేరున ఆ రంధ్రాలే లేని గిటార్ తయారుచేసింది.

అసలు గిబ్సన్ ధర మధ్యతరగతి ఇంటికి అందేది కాదు. అదే కంపెనీ చేతిలో ఉన్న ఎపిఫోన్ 'డాట్', జపాన్ కంపెనీ ఐబనీజ్ 'ఆర్ట్‌కోర్' వంటివి అదే దారిలో వచ్చిన చవక రకాలు. చవకదైనా ఫర్వాలేదు, చూసి కొంటే చాలు. మెడను కంటికి ఆనించి, తుపాకీ గురి చూసినట్టు పొడవునా చూడాలి, వంకర ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ప్రతి మెట్టు మీదా తీగ నొక్కి మీటాలి, జుయ్‌మని గీరుకుంటే వద్దనాలి. బిరడాలు బిగించి శ్రుతి చేశాక పావుగంట వాయించి, శ్రుతి నిలిచిందో లేదో చూడాలి. ఉన్న డబ్బంతా గిటార్‌కే పోసేస్తే స్పీకరు పెట్టె కొనడానికి మిగలదు. అయితే సగం బోలు గిటార్‌తో ఇంట్లోవాళ్లకు ఓ సుఖం ఉంది. కరెంటు లేకుండా వాయించినా వాయించేవాడికి వినబడేంత పలుకుతుంది, పక్క గదిలో పరీక్షకు చదువుకునే చెల్లెలి జోలికి పోదు!

ఇక మెడ. 1958, 59లో చేసిన 335ల మెడలు లావు, 1960కల్లా సన్నబడ్డాయి. ఏది మంచిదంటే చేతిని అడగాల్సిందే. అరచెయ్యి పెద్దదైతే సన్న మెడ పట్టుకుని బొటనవేలు లాగేస్తుంది, లావు మెడైతే చెయ్యి నిండుగా కూర్చుంటుంది. మెడ మీద పడే భారమూ తక్కువేం కాదు. ఆరు తీగలూ కలిసి 40 కిలోలకు పైగా లాగుతుంటాయి. అందుకే లోపల ఉక్కు కడ్డీ దూరుస్తారు. ఎవరో కొన్నారని, బొమ్మ బాగుందని కొనేస్తే మూడు నెలల్లో అది అటక ఎక్కుతుంది. ఇలాంటి అటకలు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి.

గోదావరి దాటితే...

కరీంనగర్ నుంచి జగిత్యాల 50 కిలోమీటర్లు. అక్కణ్నుంచి నరసింహస్వామి కొలువున్న ధర్మపురి, రాయపట్నం వంతెన. వంతెన మీద బస్సు ఎక్కగానే పెద్దవాళ్లు కిటికీలోంచి గోదావరికి దండం పెడతారు. ఇవతల ఒడ్డున శారద కథలవాళ్ల భుజాన తంబుర, ఒగ్గు కథలో డోలు... అవతల ఒడ్డు నుంచి పాట మారుతుంది. లక్సెట్టిపేట, జన్నారం దాటాక రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు. ఇదంతా 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం. ఇంకా పైకి వెళ్తే ఉట్నూరు, ఇంద్రవెల్లి. 2016లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది కానీ పాటకు ఆ సరిహద్దులు తెలీవు.

ఈ ఊళ్లలో రాజ్‌గోండులకు పురాణం చెప్పేవాళ్లు పర్ధాన్లు. తోటి తెగవాళ్లూ ఇదే వృత్తిలో ఉన్నారు. ఆ స్త్రీలు పచ్చబొట్లు పొడవడంలో సిద్ధహస్తులు. పర్ధాన్ల సంగతి విచిత్రం. ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ, కథ చెప్పేది గోండిలో! ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ సంగతి గమనించి రాశారు. 1940ల్లో ఆయన జైనూరు దగ్గర మార్లవాయిలో కాపురముండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేశారు. 1948లో ఆయన పుస్తకం లండన్‌లో అచ్చయింది. భార్య ఎలిజబెత్ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ఊరి దారిలో వెళ్లేవారు ఇప్పటికీ ఆ సమాధి దగ్గర ఆగుతారు.

కిక్రి చూడ్డానికి మొరటుగా ఉంటుంది. చెక్కను తొలిచిన బోలు బుర్ర, దాని మీద బిగించిన తోలు, లావుపాటి మెడ, మూడు తీగలు. మెట్లు ఉండవు. గుర్రపు వెంట్రుకలు కట్టిన కమానుతో వాయిస్తారు. ఫిడేలు నునుపు దీనికి లేదు. గొంతు కాస్త బొంగురుపోయిన ముసలాయన పాడుతున్నట్టుంటుంది. గాయకుడి గొంతు ఆగినచోట కిక్రి అందుకుంటుంది, కిక్రి ఆగినచోట గొంతు. రెంటినీ విడదీసి వినడం కష్టం. మధ్యప్రదేశ్ పర్ధాన్ల దగ్గరా దీని చుట్టం ఉంది. అక్కడ 'బానా' అంటారు.

మరి కిక్రిని ఎలా ఎంచుకుంటారు? ఇక్కడే కరీంనగర్ పిల్లాడికీ పర్ధాన్ పిల్లాడికీ తేడా. ఇది గిటార్ల పక్కన ధర చీటీతో వేలాడే వస్తువు కాదు. ఇంట్లో తండ్రి వాయిస్తున్నదే కొడుకు చేతికొస్తుంది. దాంతోపాటు కథా వస్తుంది, ఆ కథ వినిపించాల్సిన గోండు ఇళ్లూ వస్తాయి. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల గోత్రాలున్నాయి. ఏ గోత్రం పుట్టుక ఏమిటో, ఏ దేవుడు ఎక్కణ్నుంచి వచ్చాడో చెప్పాల్సింది పర్ధానే. పెళ్లైనా, చావైనా, పెర్సాపేన్ పూజైనా ఆయన రావాలి. వచ్చినందుకు ధాన్యమో, పశువో ఇచ్చుకోవాలి. గోండుల పురాగాథలో హీరాసుక అనే తొలి గాయకుడు ఉన్నాడు. గుహలో చిక్కిన దేవతలకు విముక్తి కలిగించడంలో లింగల్‌కు తోడు నిలిచింది ఆయనే. అంత పెద్ద వరస నుంచి దిగొచ్చిన వాద్యం కాబట్టే, మెడ లావైనా సన్నమైనా వాయించేవాడి చెయ్యే దానికి అలవాటుపడాలి.

ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. ఇచ్చే ఇంట్లో భూమి, పశువులు తగ్గితే ఇవ్వడం తగ్గుతుంది. కథ చెప్పే ఇంట్లో పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు వెళ్తారు... వెళ్లాలి కూడా, అందులో తప్పేముంది? కాకపోతే ఈ కథలు తండ్రి పక్కన కూర్చుని, రాత్రుళ్లు మేలుకుని, చెవితో నేర్చుకునేవి. కిక్రి మోగని ఇంట్లో ఆ రాత్రుళ్లు ఉండవు. కమాను గోడకు వేలాడితే పాట ఒక్కటే కాదు, ఒక గోత్రం చిరునామా కూడా అక్కడే ఆగిపోతుంది. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక దక్షిణ తెలంగాణ కిన్నెర పేరు ఇంటింటికీ తెలిసింది. అంతకు ముందు ఏడాది ఆదిలాబాద్ గుస్సాడీ నాట్యానికి కనకరాజు ద్వారా ఆ గౌరవం దక్కింది. ఆయన 2024లో కన్నుమూశారు. కిక్రి పేరు మాత్రం జిల్లా దాటితే తెలిసినవాళ్లు తక్కువే. జయధీర్ తిరుమలరావు వంటివారు జానపద వాద్యాలను సేకరించి భద్రపరచడం ఒక మేలు. అయితే అద్దాల పెట్టెలో కిక్రి మోగదు కదా!

మర్రిచెట్ల కింద

కిక్రిని దాని చోట వినాలంటే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వెళ్లాలి. ఇంద్రవెల్లి మండలంలో నాగోబా కొలువైన ఊరది. మెస్రం వంశీయులు అంతకు ముందే కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుకు వెళ్లి, కలశంలో గోదావరి నీళ్లు పట్టుకొస్తారు. పూజకు కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయిస్తారు. నల్లరాతితో కట్టిన కొత్త గుడికి 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. డబ్బు మెస్రం వంశీయులే పోగుచేసుకున్నారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే 'భేటింగ్' ఇక్కడే.

జాతర అన్నాక రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు, చెవులు దిబ్బళ్లు వేసే మైకులు తప్పవు. ఆ హోరులో పెప్రే, డోలు, కాళికోం తట్టుకుంటాయి. వాటి గొంతు పెద్దది. కిక్రికి ఆ బలం లేదు. దాని నడుమ గిబ్సన్ దుంగ లేదు మరి! బోలు బుర్ర, తోలు మూత... స్పీకరు పక్కన పెట్టి మైకు బిగిస్తే బి.బి.కింగ్‌ను వేధించిన ఊళే దీన్నీ వేధిస్తుంది. మైకుకు దూరంగా, నలుగురు చుట్టూ కూర్చుంటే చాలు, అసలు గొంతు విప్పుతుంది.

పుష్య అమావాస్య ఎక్కువగా జనవరిలో, కొన్నేళ్లు ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. అప్పుడు ఏజెన్సీలో చలి గట్టిగా ఉంటుంది, దుప్పటి మరచిపోవద్దు. కరీంనగర్ నుంచి ఉట్నూరు చేరి, ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూర్ వెళ్లొచ్చు. ఒక రోజు ముందే చేరుకుంటే మంచిది. మర్రిచెట్ల కింద మెస్రం వంశీయుల బస దగ్గర, బండ్లు విప్పి పొయ్యిలు రాజేసే వేళకు దుకాణాల మైకులు ఇంకా మొదలుకావు.