మూడో తీగ ఎక్కడికి పోతోంది?

“బాగుచెయ్యమని ఇస్తే మూరెడు వైరు కోసి పారేస్తివే, ఏందయ్యా ఇది?” అని ఆ పెద్దామె నిలదీస్తోంది. మేస్త్రి తల ఎత్తలేదు. “కాలిన వైరుకు టేపు చుట్టిస్తే నువ్వే మళ్ళా వస్తావు పెద్దమ్మా. రాగలిగితే,” అన్నాడు. ఆ చివరి మాట విని నేను స్టూలు ఇంకాస్త ముందుకు లాక్కున్నాను.

చేజర్ల అనగానే చాలామంది కపోతేశ్వరాలయం సంగతి అడుగుతారు. అది పల్నాడులోని చేజర్ల. ఇది నెల్లూరు జిల్లా పడమటి వైపు, ఆత్మకూరు పక్క మండలం. వేసవి సంచికకి ఊళ్ళలోని కరెంటు రిపేరు దుకాణాల మీద రాయమని సంపాదకుడు పురమాయిస్తే, ఆత్మకూరులో ఉండే మా పిన్ని కొడుకు నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. మేస్త్రి తన పేరు రాయొద్దన్నాడు. దుకాణంలో ఫ్యాన్లున్నాయి, మిక్సీలున్నాయి, చుట్టుకోవాల్సిన మోటార్లున్నాయి. అవన్నీ చూపించబోయాడు గానీ నాకు ఆ పెద్దామె తెచ్చిన ఎక్స్‌టెన్షన్ పెట్టె చాలనిపించింది.

పెట్టెను ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత వైరును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా నడిపించాడు. ప్లగ్గుకు జానెడు దూరంలో వేళ్ళు ఆగాయి. పైకి ఏమీ కనపడదు. లోపల పోగులు తెగి ఉన్నాయట. ప్లగ్గు పట్టుకోకుండా వైరు పట్టి లాగే ఇళ్ళలో ఎప్పుడూ అక్కడే తెగుతుందన్నాడు. కోసిన ముక్కను బ్లేడుతో గీకి నాకు చూపించాడు. పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం! వైరు మీద ఐఎస్ 694 అన్న అచ్చు లేదు, ఐఎస్ఐ గుర్తూ లేదు.

“దీనికి ఏమేం పెట్టినావు పెద్దమ్మా?”

“పొద్దున నీళ్ళ రాడ్డు. మధ్యాన్నం కూలరు. అంతే గదా!”

రాడ్డు 1500 వాట్లది. 230 వోల్టుల దగ్గర అది ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. పెట్టె సాకెట్లు ఆరు ఆంపియర్లవి. రాడ్డు ప్లగ్గు పెద్దది కాబట్టి ఎక్కకూడదు, నిజానికి ఆ పెద్ద పిన్నుల ఉద్దేశమే అది. కానీ కన్వర్టరు అని ఒకటి అమ్ముతారు, పెద్దదాన్ని చిన్నదాంట్లో దూర్చడానికి. దానికి తోడు మిగిలిన వైరును చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేశారు. వైరులో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. చుట్టలో ఉంటే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. కరిగిందంటే కరగదా మరి!

కొత్త వైరు కట్టడం చూడాలి. మూడు తీగల 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకున్నాడు. పైతోలు ఒలిచేటప్పుడు లోపలి తీగ ఒకటి గీరుకుపోయింది. ఎవరికీ కనపడేది కాదు. ఆ కొస తుంచి అవతల పారేసి మళ్ళీ మొదలుపెట్టాడు. గోధుమరంగు తీగ ఫేజుకి, నీలం న్యూట్రలుకి, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తుకి. ఆ ఎర్తు తీగను మాత్రం మిగతా రెండింటికన్నా అంగుళం పొడుగ్గా వదిలాడు. ఎందుకని అడిగితే, “ఎవురన్నా లాగినా, తగులుకుని పడినా ముందు తెగాల్సింది కరెంటు తీగ. ఎర్తు కడాన తెగాల,” అన్నాడు. పోగుల్ని మెలిపెట్టి స్క్రూ తిరిగే వైపుకే చుట్టాడు. సీసం వెయ్యలేదు. సీసం వేసిన కొస స్క్రూ కింద నాళ్ళు గడిచేకొద్దీ అణిగిపోయి బిగువు వదులుతుందట. వదులైన స్క్రూయే సగం పెట్టెల్ని కాల్చేది. చివరికి వైరు పైతోలు మీద క్లాంపు బిగించి, సిరీస్ బల్బు పెట్టి మూడు తీగలూ విడివిడిగా చూసుకున్నాకే డబ్బు మాట ఎత్తాడు.

“ఇంక షాకు కొట్టదు గదా?” అందామె.

“అది నీ గోడనడగాల. పద.”

ఆమె ఇల్లు దగ్గరే. మేస్త్రి ముందు ఫ్రిజ్జు, కూలరు, అన్నిటి ప్లగ్గులూ పీకేశాడు. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని పిల్లల మీద గట్టిగా అరిచాడు. హోల్డరులో 100 వాట్ల బల్బు పెట్టి ఫేజుకీ న్యూట్రలుకీ ఆనిస్తే భగ్గుమని వెలిగింది. ఫేజుకీ ఎర్తు రంధ్రానికీ ఆనిస్తే ఏమీ లేదు. బోర్డు విప్పాడు. మూడో స్క్రూకి తీగే లేదు.

ప్లగ్గులెందుకు పీకాడో తర్వాత చెప్పాడు. కొన్ని ఇళ్ళలో గోడల్లో ఎర్తు తీగ ఉంటుంది, అది పోయి కలవాల్సిన గుంతే చచ్చి ఉంటుంది. అలాంటి చోట బల్బు ఆనించగానే ఇంట్లో ఇనుప వస్తువులన్నిటికీ కరెంటెక్కుతుంది. అందుకే ఈ పని ఇంట్లోవాళ్ళు చెయ్యకూడదు. బల్బు వెలిగినంత మాత్రాన గుంత గట్టిదని కూడా కాదు, వెలక్కపోతే మాత్రం లేనట్టే. కొందరు వైర్‌మన్లు ఇంకా తెలివిమీరి బోర్డులోనే న్యూట్రల్‌నీ ఎర్తునీ ముక్క తీగతో కలిపేస్తారు. బల్బు చక్కగా వెలుగుతుంది. ఏ గాలివానకో న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్జు తలుపే ఫేజు తీగవుతుంది.

నాకు ఒళ్ళు మండింది. మేస్త్రి కష్టపడి అంగుళం పొడుగ్గా వదిలిన ఆ తీగ చివరికి పోయి కలిసింది ఉత్త సున్నపు గోడలో! గోడ రంగుకు నాలుగు షేడులు మార్పించేవాళ్ళు, సింహద్వారానికి టేకు వెతికేవాళ్ళు, ఉప్పూ బొగ్గూ వేసి ఒక పైపు పాతించడానికి చెయ్యి రాదు. కనపడదు కదా! కరెంటు సంస్థ పని మీటరు దాకా. 2019లో సచివాలయాలు వచ్చాక ఊరికొక ఎనర్జీ అసిస్టెంటు వచ్చాడు, ఆయన స్తంభాలెక్కాలి. మీటరు దాటాక ఇల్లు ఎవరిదీ కాదు. దేశంలో ఏటా పదివేల మందికి పైగా కరెంటు షాకుతో పోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు రాస్తోంది. మన దగ్గర ప్రతి ఎండాకాలం పత్రికల్లో కూలరు తగిలి చనిపోయిన వార్త ఒకటన్నా ఉంటుంది. ఇనుప ఒళ్ళు, కింద నీళ్ళు, ఎర్తు లేని గోడ. దానికి ‘ప్రమాదవశాత్తు’ అని రాస్తాం.

ఇలాంటి మేస్త్రులూ తగ్గిపోతున్నారు. ఐటీఐలో రెండేళ్ళు ఎలక్ట్రీషియన్ పని నేర్చిన కుర్రాళ్ళు ఏసీలూ సీసీ కెమెరాలూ చూసుకుంటున్నారు, తప్పు పట్టలేం. పెట్టెలు కూడా విప్పడానికి వీల్లేకుండా వస్తున్నాయి. పోత పోసిన ప్లగ్గు, రివెట్లు కొట్టిన మూత. పాడైతే పారెయ్యి, అంతే. పారెయ్యరు గదా మనవాళ్ళు! టేపు చుట్టి వంటింటికి పంపిస్తారు.

పెద్దామె ఇంటికి మేస్త్రి రెండు పనులు రాసిచ్చాడు. ఒకటి ఎర్తు పైపు. పడమటి నేల ఎండాకాలం బిగుసుకుపోతుంది, గుంతలో నీళ్ళు పోస్తూ ఉండాలన్నాడు. రెండోది మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పోయిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ ఆ మాత్రం తేడా వస్తే అది రెప్పపాటులో ఆపేస్తుంది. ఆమె కొడుకు ఫోనులో ఖర్చు విని “చూద్దాంలే” అన్నాడు.

మీరు చూద్దాం అనకండి. కూలరు అటక దింపే ముందు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ మూడో రంధ్రం వెనక తీగ ఉందో లేదో, ఉంటే ఎక్కడికి పోతోందో చూపించమనండి. నీళ్ళ రాడ్డునీ ఇండక్షన్ పొయ్యినీ పెట్టెకు తగిలించకుండా గోడలోని 16 ఆంపియర్ల సాకెట్టుకే పెట్టండి.